రౌటర్ దగ్గరే ఆగిపోయిన లెక్క: న్యూయార్క్ ప్రభుత్వ గృహాల్లో వైఫై నాణ్యత

న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ గృహాల నిర్వహణ చూసే సంస్థను అక్కడివారు నైచా అంటారు. 2022 సెప్టెంబరులో అప్పటి మేయర్ ఎరిక్ ఆడమ్స్ ఆ ఇళ్ల కోసం ‘బిగ్ యాపిల్ కనెక్ట్’ పథకాన్ని ప్రకటించారు. ఇంటర్నెట్‌కు, ప్రాథమిక టీవీ ఛానెళ్లకు అయ్యే బిల్లును నగర ప్రభుత్వమే కేబుల్ కంపెనీలకు కడుతుంది. అద్దెకున్నవారు పైసా ఇవ్వనక్కరలేదు. పథకం 200కు పైగా సముదాయాలకు విస్తరించింది. మంచి పనే, అందులో సందేహం లేదు. ఎన్ని సముదాయాలకు, ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చారన్న లెక్క ఇలాంటి పథకాల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ ఇంటి వెనక గదిలో, రాత్రి తొమ్మిది గంటలకు, తలుపు వేసుకుని కూర్చున్న పిల్లవాడికి వీడియో పాఠం ఆగకుండా వస్తోందా అన్నదే ఎవరి లెక్కలోనూ పడని ప్రశ్న. ఈ లోటు ఒక్క పథకం తెచ్చిపెట్టింది కాదు. అమెరికాలో ఇంటర్నెట్ నాణ్యతను కొలిచే పద్ధతులు మొదటి నుంచీ పేదవారి గది గుమ్మం దాకా రాలేదు.

ముందుగా ఆ ఇళ్ల సంగతి. నైచా మొదటి సముదాయం ‘ఫస్ట్ హౌసెస్’ 1935లో మన్‌హట్టన్‌లో తెరుచుకుంది. క్వీన్స్‌బ్రిడ్జ్ సముదాయం 1939 నాటిది. 3,000కు పైగా ఇళ్లున్న ఆ సముదాయం ఆ దేశంలోకెల్లా పెద్దది. బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్ ఇళ్లు కూడా ఆ కాలానివే. వీటిలో అద్దె సాధారణంగా కుటుంబ ఆదాయంలో 30 శాతం. దశాబ్దాలు నిలవాలని ఇటుకతో, కాంక్రీటుతో కట్టిన భవనాలివి. ఆ గట్టిదనమే ఇప్పుడు వైఫైకి అడ్డం. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ సమాచారాన్ని మోస్తాయి కానీ మందపాటి గోడ తగిలితే త్వరగా నీరసిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడను కొంత మెరుగ్గా దాటుతాయి. అయితే అమెరికాలో ఆ బ్యాండులో ఒకదానితో ఒకటి కలబడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఒక అంతస్తులో పది ఇళ్లుండి, పైనా కిందా మరో పదేసి ఉంటే అన్ని రౌటర్లూ ఆ మూడింటినే పంచుకోవాలి. ఈ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లో అనుమతించింది. వైఫై ఇంత చవకగా దొరకడానికి ఆ నిర్ణయమే పునాది. ఇరుకు భవనాల్లో ఇంత రద్దీకి మూలం కూడా అదే.

ఇక తీగల సంగతి. 2008లో వెరైజన్ కంపెనీ నగరంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2014 జూన్ చివరికి ఫైబర్ తీగ నగరంలోని ప్రతి ఇంటి ముందుకూ చేరాలి. చేరలేదని నగర అధికారుల తనిఖీ 2015లో తేల్చింది. 2017లో నగరం దావా వేసింది. 2020 నవంబరులో రాజీ కుదిరి, మరో 5 లక్షల ఇళ్లకు సేవలు అందేలా చూస్తానని కంపెనీ ఒప్పుకుంది. ‘ఇంటి ముందు నుంచి తీగ వెళ్లడం’ అంటే ఏమిటన్న దాని మీదే ఇరుపక్షాలూ ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. వీధిలో తీగ పోతే చాలునా, భవనం లోపలికి రావాలా? దగ్గరలో ఉంటే వచ్చినట్టే అని కంపెనీ, ఇంట్లోకి రానిది వచ్చినట్టు కాదని నగరం. నాణ్యత లెక్కల్లోనూ ఇదే తగువు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

కంపెనీల కోసం చూడకుండా సొంతంగా పూనుకున్నది రెడ్ హుక్. అక్కడి ‘రెడ్ హుక్ ఇనిషియేటివ్’ అనే స్థానిక సంస్థ 2011, 2012ల్లో పైకప్పుల మీద చిన్న వైర్‌లెస్ పరికరాలు పెట్టి, ఒకదాని నుంచి మరొకదానికి సంకేతం అందేలా వల అల్లడం మొదలుపెట్టింది. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను ఆ పేటను ముంచినప్పుడు ఆ వల పనిచేసింది, సాయం అడగడానికి, సమాచారం పంచుకోవడానికి జనానికి అక్కరకొచ్చింది. ఆ తర్వాత అక్కడి యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, పరికరాలు బిగించడం, సంకేతం ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ పడిపోతోందో చూడడం నేర్పారు. వాళ్లను డిజిటల్ స్టీవార్డులు అన్నారు. నాణ్యతను అక్కడే ఉండేవాళ్ల చేత కొలిపించడం ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. 2015లో అప్పటి మేయర్ డి బ్లాసియో క్వీన్స్‌బ్రిడ్జ్, రెడ్ హుక్, మాట్ హేవెన్ సముదాయాల్లో ఉచిత ఇంటర్నెట్ కోసం కోటి డాలర్లు ప్రకటించారు.

మరి అధికారికంగా కొలిచేవారు ఏం చేస్తున్నారు? ఎఫ్‌సీసీ 2011 నుంచి ‘మెజరింగ్ బ్రాడ్‌బ్యాండ్ అమెరికా’ నివేదికలు వెలువరిస్తోంది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఇళ్లకు ఒక చిన్న పెట్టె పంపుతారు. దాన్ని రౌటర్‌కు తీగతో కలపాలి. వేగాన్ని, సంకేతం వెళ్లి రావడానికి పట్టే ఆలస్యాన్ని, దారిలో పోయిన ప్యాకెట్లను (సమాచార ముక్కలను) అది నమోదు చేస్తుంది. తీగతో కలపడంలో ఉద్దేశం స్పష్టం: కంపెనీ అందించిన సేవను మాత్రమే కొలవాలి, ఇంట్లోని వైఫై తప్పును కంపెనీ మీద వేయకూడదు. సొంత ఇల్లు, నచ్చిన రౌటర్, నచ్చిన ప్యాకేజీ ఉన్నవారి విషయంలో ఇది న్యాయమే. కంపెనీని ఎంచుకోని, గోడకు చిల్లు పెట్టాలన్నా అనుమతి అడగాల్సిన అద్దెదారు విషయంలో ఆ గీత అన్యాయంగా మారుతుంది. ఆయనకు దక్కేదే వైఫై, కొలత మాత్రం దానికి ఇవతలే ఆగిపోతుంది.

మరోపక్క ఇంటర్నెట్ వేగాన్ని ఎవరైనా పరీక్షించుకునేందుకు 2009లో మొదలైన మెజర్‌మెంట్ ల్యాబ్ అనే వేదిక ఫలితాలు ఎవరైనా చూసుకునేలా బహిరంగంగా ఉంటాయి. అయితే ఎవరికి వారు బ్రౌజరులో చేసుకునే పరీక్ష కనుక, నెమ్మదించింది కంపెనీ తీగా, ఇంట్లో వైఫైయా అన్నది అందులో తేలదు. చిరునామాను ఐపీ (కనెక్షన్‌కు ఇంటర్నెట్‌లో ఉండే సంఖ్య) ఆధారంగా సుమారుగా ఊహించాలి, అది ఏ అంతస్తో, ఏ గదో తెలియదు. ఇక సేవ ఎక్కడెక్కడ ఉందో చూపే ఎఫ్‌సీసీ పాత మ్యాపుల్లో జనగణన బ్లాకులో (జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతంలో) ఒక్క ఇంటికి సేవ ఇవ్వగలిగినా బ్లాకు మొత్తానికి ఉన్నట్టే. చిరునామా వారీ మ్యాపు 2022 నవంబరులో కానీ రాలేదు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన వేగం 2015లో సెకనుకు డౌన్‌లోడుకు 25, అప్‌లోడుకు 3 మెగాబిట్లు, 2024లో 100, 20. అంకెలు పెరిగాయి, కొలిచే చోటు మారలేదు.

ఈ లోపం ఎంత ఖరీదైనదో 2020 చూపించింది. బడులు మూతపడగానే న్యూయార్క్ విద్యాశాఖ లక్షల ఐప్యాడ్లు పంచింది, వాటికి మొబైల్ డేటా కూడా ఇచ్చింది. నిరాశ్రయుల వసతి గృహాల్లో చాలాచోట్ల ఆ సిగ్నల్ అందలేదు. నవంబరులో, పేదల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ సొసైటీ కోర్టుకెళ్లింది. వసతి గృహాల్లో వైఫై పెట్టిస్తామని నగరం చెప్పిందే కానీ అప్పటికే పిల్లలు నెలల చదువు పోగొట్టుకున్నారు. పంచే ముందు ఒక మనిషి ఫోను పట్టుకుని ఒక్కో భవనంలో గది గదికీ తిరిగి చూసుంటే ముందే తెలిసేది. ఆ ఏడాది జనవరిలోనే వెలువడిన నగర ఇంటర్నెట్ మాస్టర్ ప్లాను 29 శాతం ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ లేదని చెప్పింది. ఆ ప్లాను కింద ఎన్‌వైసీ మెష్ వంటి చిన్న సంస్థలకు కొన్ని నైచా భవనాల్లో ఇంటర్నెట్ ఇచ్చే అవకాశం దొరికింది. 2022లో కొత్త మేయర్ దాన్ని పక్కన పెట్టి, పెద్ద కేబుల్ కంపెనీలతో బిగ్ యాపిల్ కనెక్ట్‌కు మొగ్గారు.

గది లోపల కొలవడం అంత కష్టమేమీ కాదు. ల్యాప్‌టాప్‌ను ముందు తీగతో రౌటర్‌కు కలిపి ఒకసారి, తీగ తీసి రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, తలుపు వేసిన చివరి గదిలో ఒకసారి పరీక్షించాలి. మొదటి అంకె తగ్గితే లోపం కంపెనీది. మొదటిది బాగుండి మూడోది పడిపోతే గోడదో, రద్దీదో. ఇదే పని మధ్యాహ్నం ఒకమారు, రాత్రి ఒకమారు చేయాలి. డౌన్‌లోడ్ వేగంతో సరిపెట్టకుండా, ఇంట్లో మరొకరు పెద్ద ఫైలు పంపుతున్నప్పుడు ఆలస్యం ఎంత పెరుగుతోందో కూడా చూడాలి. వీడియో కాల్‌లో గొంతు ముక్కలయ్యేది ఎక్కువగా అక్కడే.

మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగు నిబంధనలు తెచ్చింది. భవనం లోపల కొలవాలన్న ఆలోచన అందులో ఉంది. ఇళ్లు అమ్ముకోవలసిన బిల్డరు ఆ రేటింగు కోసం ముందుకొస్తాడు. హైదరాబాద్ శివారు కొల్లూరులో పేదల కోసం ప్రభుత్వం కట్టిన 15 వేలకు పైగా రెండు పడకగదుల ఇళ్ల తరఫున ఎవరు ముందుకు రావాలో ప్రభుత్వమే చెప్పాలి.

న్యూయార్క్‌లో బిల్లు కట్టేది నగరం. కనుక గది లోపలి కొలతను ఒప్పందంలో షరతుగా పెట్టే అధికారం కూడా నగరానిదే. భవనం వారీగా ఫలితాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. కొలిచే పనికి రెడ్ హుక్‌లో లాగే అక్కడుండే యువతను తీసుకుని, జీతం ఇవ్వాలి.