సర్టిఫికెట్‌లోనే ఆగిపోయిన మిడ్‌వైఫ్

పిల్లల కోసమో, గల్ఫ్‌లో భర్త ఉద్యోగం కోసమో పదేళ్లు ఇంటిపట్టున ఉన్న నర్సు హైదరాబాద్‌లో మళ్లీ కాన్పుల పనికి రావాలంటే ముందు బీరువాలోంచి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీస్తుంది. అందులో ఆమె నర్సు, మిడ్‌వైఫ్ (కాన్పు చేసే శిక్షణ పొందిన మనిషి) కూడా. నర్సుకు ఉద్యోగం దొరుకుతుంది. మిడ్‌వైఫ్‌కే దొరకదు. ఈమె కన్నా చాలా ముందే ఆ వృత్తి పక్కకు తప్పుకుంది మరి.

ఒకప్పుడు పురుడు పోసింది మంత్రసాని. ఆ పనికి ప్రభుత్వం శిక్షణ ఇచ్చి తెచ్చిన మనిషి ఏఎన్ఎం, అంటే సహాయక నర్సు-మిడ్‌వైఫ్. 1973లో కేంద్రం వేసిన కర్తార్ సింగ్ కమిటీ ఆమెను అన్ని పనుల ఆరోగ్య కార్యకర్తగా మార్చమంది. రెండేళ్ల కోర్సు 18 నెలలైంది. టీకాలు, కుటుంబ నియంత్రణ టార్గెట్లు, రిజిస్టర్లు నెత్తిన పడ్డాయి. 2005లో, ఆస్పత్రిలో కాన్పైతే డబ్బిచ్చే జననీ సురక్ష యోజన వచ్చాక కాన్పులు ఆస్పత్రి బాట పట్టాయి. అక్కడ డాక్టరమ్మదే పెత్తనం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశ సగటు 21.5. (ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకునే మన మోజుకూ అందులో వాటా ఉంది.)

మిడ్‌వైఫ్‌ను మళ్లీ పిలవడం ఈ ఊళ్లోనే గట్టిగా మొదలైంది. 2011లో ఫెర్నాండెజ్ హాస్పిటల్ సొంతంగా శిక్షణ పెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతో కలిసి కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు నేర్పించింది. 2018 డిసెంబర్‌లో కేంద్రం 18 నెలల కోర్సుతో మార్గదర్శకాలిచ్చింది. అయితే ఇదంతా సర్వీసులో ఉన్నవాళ్లను చూసుకుని వేసిన లెక్క. మధ్యలో ఆగి తిరిగొచ్చే మనిషి ఎవరికీ గుర్తు రాలేదు, నాకు కోపం తెప్పించేది అదే.

నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకున్నా లేబర్ రూమ్ పాతది కాదు. తొలి కాన్పంటే బిడ్డ వచ్చే దారి దగ్గర కోత పెట్టాల్సిందే అని నేర్చుకున్న చెయ్యి ఆమెది. ఇప్పుడు అవసరమైతేనే కోత. గర్భాశయ ముఖం ఎంత తెరుచుకుంటే నొప్పులు జోరందుకున్నట్టో లెక్కేసే 4 సెంటీమీటర్లను డబ్ల్యూహెచ్‌ఓ 2018లో 5కు జరిపింది. ఆ ఒక్క సెంటీమీటరు కోసం నొప్పులు పెంచే డ్రిప్ పెట్టకుండా, "జర నడువమ్మా, ఇంకా టైముంది" అంటూ గంటలు ఓపిక పట్టాలి.

బిడ్డ పడగానే ఆమె వేళ్లు అలవాటుగా బొడ్డుతాడు బిగించే క్లాంప్ కోసం వెతుకుతాయి. ఇప్పుడు కనీసం ఒక నిమిషం ఆగాలి. బిడ్డ తల్లి పొట్ట మీద ఉంటుంది, బొడ్డుతాడు ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆమె చేతులు ఆపుకుని గోడ గడియారం చూస్తుంది.