సూది వేయిస్తే జ్వరం వస్తుంది కదా డాక్టరుగారూ?

పర్లాకిమిడిలో పిల్లల డాక్టరుని. పక్కనే పాతపట్నం కాబట్టి అటు ఆంధ్రా వాళ్లూ, ఇటు ఒడిశా తెలుగువాళ్లూ వస్తుంటారు. పిల్లల టీకాల గురించి ఎక్కువగా వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఊళ్లో ఎవరికీ తట్టు లేదు. సూది వేయించి జ్వరం తెచ్చుకోవడం ఎందుకు?

ఇది తెలివితక్కువ ప్రశ్నేం కాదు. జ్వరం ఈ రాత్రే కనిపిస్తుంది, తట్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తట్టు వచ్చిన వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది. టీకాతో ప్రమాదకరమైన అలర్జీ సుమారు పది లక్షల డోసులకు ఒకసారి. దానికి మందు మా దగ్గరే ఉంటుంది, అందుకే అరగంట కూర్చోమంటాం. (సూది పడగానే బస్సు కోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ!) ఇక ఊళ్లో లేదనేది ఇవాళ్టి మాట. పండక్కి సూరత్ నుంచీ, హైదరాబాద్ నుంచీ బంధువులు దిగుతారు. తట్టు ఉన్నవాళ్లు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉండగలదు.

ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా)తో జ్వరం మామూలే. అందులోని కోరింత దగ్గు టీకా వల్లే ఎక్కువగా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పారాసెటమాల్ బిడ్డ బరువును బట్టి వేయాలి, పక్కింటి పాపకు వేసినంత కాదు.

అపోహ: పుట్టింట్లో వేయించిన కార్డు ఇక్కడ చెల్లదు, మళ్లీ మొదటినుంచి వేయాలి.

చెల్లుతుంది. టీకాల పట్టిక దేశమంతటికీ దాదాపు ఒకటే. పురుడు శ్రీకాకుళంలో, కాపురం ఇక్కడ గజపతి జిల్లాలో అయినా ఆగిన చోటి నుంచే వేస్తాం. కార్డు మాత్రం పారేయకండి.

అపోహ: టీకా వేయిస్తే మెదడువాపు రానే రాదు.

ఇది మా డాక్టర్ల వైపు నుంచి పుట్టిన అపోహ. 2016లో ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. జపనీస్ మెదడువాపు అన్నారు, తర్వాత అక్కడ ఆ టీకా కూడా వేశారు. అయితే కొందరి మరణానికి కసింద అనే మొక్క గింజల విషం కారణమని నిపుణులు చెప్పారు. విషానికి టీకా లేదు. పిల్లలు ఆ కాయలు తినకుండా చూడటమే దారి.

వెనకటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. ముక్కు కారుతుంటే మాత్రం అలాగే తీసుకురండి.