యూనిట్ 4.84 రూపాయలు: రాయలసీమ గాలి కరెంటు వివాదం ఎక్కడ మొదలైంది?

2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను సమీక్షించడానికి ఉన్నతస్థాయి కమిటీ వేసింది. ఆ వెంటనే డిస్కంలు, అంటే కరెంటు కొని ఇంటింటికీ పంపిణీ చేసే సంస్థలు, గాలి విద్యుత్ కంపెనీలకు లేఖలు రాస్తూ, యూనిట్ ధరను 4.84 రూపాయల నుంచి 2.43 రూపాయలకు తగ్గించుకోవాలని కోరాయి. అప్పట్లో ఇది పాత, కొత్త ప్రభుత్వాల మధ్య రాజకీయ తగాదాగానే ప్రచారంలోకి వచ్చింది గానీ, దాని మూలాలు గాలిమర పనిచేసే తీరులోనూ, దాని ధరను నిర్ణయించే పద్ధతిలోనూ ఉన్నాయి.

గాలి తాకిడికి రెక్కలు నిమిషానికి పది పదిహేను చుట్లు తిరుగుతాయి. చాలా యంత్రాల్లో స్తంభం పైనున్న గేర్‌బాక్సు ఆ నెమ్మది వేగాన్ని వందరెట్ల వరకు పెంచి జనరేటర్‌కు అందిస్తుంది. గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది కనుక, స్థలం ఎంపికలో కొద్ది తేడా వచ్చినా ఉత్పత్తిలో పెద్ద తేడా కనిపిస్తుంది. ఎంత గొప్ప యంత్రమైనా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి రాబట్టలేదని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల క్రితమే లెక్కగట్టాడు. పైగా రాయలసీమలో గాలి ప్రధానంగా నైరుతి రుతుపవనాల కాలంలోనే జోరుగా వీస్తుంది. ఇంధన ఖర్చు లేదు. ఉన్నదల్లా యంత్రం, స్థలం, అప్పు మీద వడ్డీ. బొగ్గు కరెంటు ధర బొగ్గుతోపాటు మారుతూ ఉంటే, గాలి కరెంటు ధర మాత్రం దాదాపుగా మర నిలబెట్టిన రోజే ఖాయమైపోతుంది. వివాదమంతా ఈ ఒక్క అంశం చుట్టూనే తిరిగింది.

గాలితో కరెంటు తీయడం కొత్తేమీ కాదు. 1887లో స్కాట్లాండ్‌లో జేమ్స్ బ్లైత్ తన ఇంటి దీపాలకు గాలిమరను వాడుకున్నాడు. 1891లో డెన్మార్క్‌లో పౌల్ లా కూర్ ప్రయోగాలు మొదలయ్యాయి. మన దేశంలో 1986లో గుజరాత్, మహారాష్ట్ర, తమిళనాడు తీరాల్లో చిన్న యంత్రాలతో ప్రదర్శన కేంద్రాలు వెలిశాయి. 1990లలో అనంతపురం జిల్లా రామగిరి గుట్టలపైనా మరలు లేచాయి. ఆనాటి ప్రధాన ప్రోత్సాహం వేగవంతమైన తరుగుదల, అంటే యంత్రం ఖరీదులో అధిక భాగాన్ని మొదటి ఏడాదే లెక్కలో చూపి ఆదాయపు పన్ను మిగుల్చుకునే వెసులుబాటు. పన్ను కోసం మర పెట్టినవారికి అది ఎంత కరెంటు ఇస్తుందన్నది రెండో ప్రశ్న అయింది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2009లో కేంద్రం ఉత్పత్తయిన ప్రతి యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకాన్ని ప్రకటించింది.

2015లో రాష్ట్రం పవన విద్యుత్ విధానాన్ని తెచ్చింది. అదే ఏడాది వచ్చిన విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనల కింద, వేగవంతమైన తరుగుదల వాడుకోని ప్రాజెక్టులకు ధర 4.84 రూపాయలుగా ఖరారైంది. ఒప్పందాల గడువు 25 ఏళ్లు. పెట్టుబడులు వెల్లువెత్తి, 2016-17లో దాదాపు 2,190 మెగావాట్ల కొత్త సామర్థ్యంతో రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది.

సరిగ్గా ఆ సమయంలోనే దేశంలో ధర నిర్ణయించే పద్ధతి మారి, తక్కువ ధర కోరిన కంపెనీకే ఒప్పందం దక్కే వేలం వచ్చింది. 2017 ఫిబ్రవరిలో జరిగిన తొలి జాతీయ వేలంలో ధర 3.46 రూపాయలకు దిగింది. డిసెంబరులో గుజరాత్ వేలంలో 2.43కు పడిపోయింది. డిస్కంల లేఖల్లోని అంకె కూడా అదే. అప్పటికే భారీ నష్టాల్లో ఉన్న డిస్కంలు ఖరీదైన కరెంటు భారమని వాదించడంలో కొంత న్యాయం ఉంది. అయితే, గుజరాత్‌లో వేరే గాలికి, వేరే ఏడాది యంత్రానికి పలికిన ధరను, అప్పు తెచ్చి అప్పటికే నిలబెట్టిన మరకు వర్తింపజేయడం సమంజసమైన పోలిక కాదు. మరోవైపు, పోటీ లేకుండా ధర నిర్ణయించి అంత పెద్ద సామర్థ్యానికి ఒప్పందాలు రాసుకున్న 2015 నాటి పద్ధతినీ ప్రశ్నించక తప్పదు.

2019 సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కమిటీ వేసిన ఉత్తర్వును, డిస్కంల లేఖలను కొట్టివేసింది. కానీ ధర విషయాన్ని నియంత్రణ మండలికి వదిలి, అంతవరకు 2.43 చొప్పున చెల్లించమంది. దీనిపై కంపెనీలు అప్పీలుకు వెళ్లగా, 2022 మార్చిలో ద్విసభ్య ధర్మాసనం ఒప్పందంలోని ధరే ఇవ్వాలనీ, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలనీ ఆదేశించింది. ఈ మధ్యకాలంలో రాష్ట్ర పవన విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్ల పైచిలుకు వద్దే దాదాపుగా ఆగిపోయింది. 2016-17లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన మరల ఒప్పందాలు 2041-42 దాకా నడవాల్సి ఉంది.