వెయ్యి అడుగుల తేడా

కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊరు తక్కువ. చెన్నైలో విమానమెక్కిన మనిషి ‘దిగినాను’ అని ఫోన్ చేసేదాకా ఇంట్లో ఎవరికీ కుదురుండదు. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు ఖతార్, కువైట్, బహ్రెయిన్ గగనతలాన్ని కొన్ని గంటలు మూసేశాయి. విమానాలు దారిలోంచే వెనక్కి మళ్లాయి. ప్రయాణికులు నానా అవస్థ పడ్డారు. అయినా మూయడమే సరైన పని. మూయని చోట ఏమైందో చూడండి.

తూర్పు ఉక్రెయిన్‌లో యుద్ధ విమానాలు కూలుతుంటే, 2014 జులై 14న ఆ దేశం 32,000 అడుగుల దాకా మాత్రమే ఆకాశం మూసింది. మూడు రోజులకు మలేషియా విమానం ఎంహెచ్17 అక్కడ 33,000 అడుగుల ఎత్తున పోతోంది. భుజం మీద పెట్టి పేల్చే క్షిపణి సుమారు 15,000 అడుగులు దాటదు. లారీ అంతటి వాహనం మీంచి లేచే ‘బుక్’ క్షిపణికి మాత్రం 33,000 అడుగులు సగం ఎత్తే. ఎంహెచ్17 మీదికి వచ్చింది ఈ క్షిపణే. అది విమానాన్ని గుద్దుకోలేదు. కాక్‌పిట్‌కు ఎడమవైపు, కాస్త పైన పేలి వేల ఉక్కు ముక్కలు చిమ్మింది. వాటిలో కొన్ని ఢమరుకం ఆకారంలో ఉంటాయి. కాక్‌పిట్ సిబ్బందిలో ఒకరి దేహంలో అలాంటి ముక్కే దొరికింది. 298 మంది పోయారు.

పేల్చేవాడికి రాడార్ తెర మీద కనిపించేది ఒక చుక్క, దాని ఎత్తు, వేగం, దిక్కు. అందులో పసిపిల్లలున్నారని ఆ చుక్క చెప్పదు. దిక్కు కూడా తప్పొచ్చు. 2020 జనవరి 8న టెహ్రాన్‌లో ఇరాన్ సైనికులు తమ క్షిపణి వాహనాన్ని చోటు మార్చాక ఉత్తర దిక్కును మళ్లీ సరిచూసుకోలేదని ఇరాన్ దర్యాప్తే తేల్చింది. తప్పు 100 డిగ్రీల పైమాటే. ఊరి విమానాశ్రయం నుంచి పైకి లేస్తున్న విమానం, బయటినుంచి మీదికొస్తున్నట్టు కనిపించింది. రెండు క్షిపణులు, 176 ప్రాణాలు.

పౌర విమానయానంపై దేశాలు చేసుకున్న 1944 షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం ఆకాశం మీద ఆ దేశానిదే అధికారం. అంటే మూయాల్సింది యుద్ధంలో మునిగి ఉన్న దేశమే. మూస్తే పట్టు జారిందని ఒప్పుకున్నట్టవుతుంది, పైనుంచి పోయే విమానాలు కట్టే రుసుమూ పోతుంది. అందుకే ఆ దేశం మూసేదాకా చూడకుండా విమాన సంస్థలే ముందుగా ఆ దారి మానుకోవాలి. చుట్టుదారికి పట్టే అదనపు ఇంధనం ముందే నింపుకోవాలి.

ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది. ఏజెంటు టికెట్‌లో తన నంబరే రాసుకుంటే విమానం రద్దయిన కబురు అతనికే పోతుంది. ప్రయాణికుడి నంబరు రాయించండి.