ఫిస్టులా వేయించుకుంటే డయాలసిస్ ఖాయమా? అపోహలు - వాస్తవాలు

"చెయ్యి కోసినారంటే ఇంక డయాలసిస్ తప్పదంట కదా సారూ?"

కర్నూలులో డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేసే నాకు ఈ ప్రశ్న ఎదురవని వారం ఉండదు. ఆదోని, ఆలూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో ఎంతోమంది ఈ ఒక్క భయంతోనే, డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాన్ని సిద్ధం చేసే ఫిస్టులా ఆపరేషన్ వాయిదా వేసుకుంటున్నారు. మిగతా అపోహలు తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: ఫిస్టులా వేస్తే డయాలసిస్ మొదలైనట్టే.

వాస్తవం: డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చేది మీ కిడ్నీల పరిస్థితి, మీ ఒంట్లోని లక్షణాలు. ఫిస్టులా వల్ల కిడ్నీ పాడవదు. చేతిలో ధమనిని (గుండె నుంచి రక్తం తెచ్చే నాళం) పక్కనున్న సిరతో (రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే నాళం) కలిపి కుడతారు, అంతే. ధమని రక్తం జోరుగా వచ్చి పడేసరికి సిర లావై, గోడ గట్టిపడి, మా లావు సూదులను తట్టుకునేలా తయారవుతుంది. డయాలసిస్ అవసరం రానంతకాలం అది చేతిలో ఊరికే ఉంటుంది.

కానీ అలా తయారవడానికి టైం కావాలి. మామూలుగా 6 నుంచి 8 వారాలు, కొందరికి 3 నెలలు. సిర వెడల్పు కనీసం 6 మిల్లీమీటర్లు, చర్మం నుంచి లోతు 6 మిల్లీమీటర్ల లోపు, రక్తప్రవాహం నిమిషానికి 600 మిల్లీలీటర్లు ఉంటే ఇక సూదులు వేయొచ్చని ఒక లెక్క. వేసిన ప్రతి ఫిస్టులా అంతవరకు రాదు. షుగర్ ఉన్నవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు, సిరలు సన్నగా ఉన్న ఆడవాళ్లకు, బీడీ మాననివాళ్లకు, బీపీ పడిపోతూ ఉండేవాళ్లకు ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. అందుకే జీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే లెక్క) 15-20 మధ్యకు దిగి ఇంకా తగ్గుతూ ఉంటే అప్పుడే సర్జన్‌కు చూపించుకోమంటారు. మొదటిది పనిచేయకపోయినా రెండోదానికి వ్యవధి ఉంటుంది.

పత్తికొండ దగ్గర టమాటా వేసే ఒక పెద్దాయనకు డాక్టర్ ముందే చెప్పినారు. ఊళ్లో వద్దన్నారు, ఎవరో పసరు మందు ఇచ్చినారు. ఒక రాత్రి ఊపిరాడక ఎమర్జెన్సీలో చేరితే మెడలో పైపు వేసి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కొన్ని వారాలకే మెషిన్ ఎక్కించిన గంటలో వణుకుడు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని "ఏమైతాంది నాయనా" అని ఒకటే ఏడుపు. పైపు గుండా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయింది. ఆయన బతికినారు. కానీ ఆ తర్వాత మణికట్టు దగ్గర వేసిన ఫిస్టులా పనిచేయలేదు. జ్వరాలొచ్చినప్పుడల్లా రెండు చేతులకూ పెట్టిన క్యానులాలతో (సెలైన్ ఎక్కించే సూది గొట్టాలు) ముంజేతి సిరలు అప్పటికే గట్టిపడిపోయి ఉన్నాయి. చివరికి మోచేతి దగ్గర వేసింది నిలబడింది. "డయాలసిస్ మొదలవుతుంది, వేయించుకోవద్దు" అని ఊళ్లో చెప్పినవాళ్లు ఆ వణుకుడు చూసి ఉంటే బాగుండేది. మెడ పైపు ఎక్కువ రోజులుంటే లోపలి పెద్ద సిరలు సన్నబడి, అదే వైపు చేతికి తర్వాత వేసే ఫిస్టులా కూడా దెబ్బతినొచ్చు.

కాబట్టి కిడ్నీ సమస్య ఉందని తెలిసినరోజు నుంచే, మామూలుగా వాడని చేతిని, అంటే కుడిచేతివాటం వాళ్లయితే ఎడమ చేతిని, కాపాడుకోండి. ఏ ఆసుపత్రికి పోయినా "ఈ చేతికి సూది వద్దు, తప్పదంటే అరచేతి వెనక వేయండి" అని ధైర్యంగా అడగండి. నర్సులు విసుక్కున్నా సరే. ఏ చేతికి వేయాలో చివరికి డాప్లర్ స్కాన్ (రక్తనాళాలను చూసే స్కాన్) చూసి సర్జనే చెబుతారు.

ఇక మిగతావి గబగబా. ఫిస్టులా చెయ్యి అస్సలు కదపకూడదన్నది తప్పు. కుట్లు మానినాక, డాక్టర్ సరేనంటే రబ్బరు బంతి నొక్కుతూ ఉండాలి. బరువు మోయడం, ఆ చెయ్యి కిందపెట్టి పడుకోవడం, బిగుతు గాజులు, వాచీ, ఆ చేతికి బీపీ కొలవడం, రక్తం తీయడం మాత్రం వద్దు. నొప్పి తక్కువని ఒకేచోట సూది వేయమని అడగకండి, అక్కడ ఉబ్బు వస్తుంది. దానిమీద ఆకు కట్లు కట్టారంటే ఇన్ఫెక్షన్‌ను పిలిచినట్టే. మన ఎండల్లో దాహం తట్టుకోవడం కష్టమే, ఆ బాధ నాకు తెలుసు. కానీ నీళ్లు ఎక్కువ తాగి మూడు నాలుగు కిలోల అదనపు బరువుతో వస్తే ఆ నీరంతా ఒక్కసారి లాగాలి. అప్పుడు బీపీ పడి ఫిస్టులాలో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఒక్కదాని దగ్గర మాత్రం ఆగాలి. పొద్దున, రాత్రి ఫిస్టులా మీద వేళ్లు పెట్టి చూడండి. లోపల బుర్రుమని అదురుతూ ఉండాలి, మేం థ్రిల్ అంటాం. అది ఆగిపోతే "ఎల్లుండి డయాలసిస్‌కు పోతాం కదా, అప్పుడు చూపిద్దాం" అనుకుని ఆగేవాళ్లే ఎక్కువ. అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ గడ్డను తీసి ఫిస్టులాను నిలబెట్టే అవకాశం మొదటి 24 నుంచి 48 గంటల్లోనే బాగుంటుంది. రాత్రి ఏ టైమైనా సెంటర్‌కు ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూడకండి. చెయ్యి చల్లబడి తిమ్మిరెక్కినా, వేళ్లు నీలంగా మారినా అంతే, వెంటనే చెప్పాలి.