పిల్లలకు పేరు లేని పథకం: ఉత్తర తెలంగాణలో ఉపశమన సంరక్షణ నేపథ్యం

పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బులో బాధను తగ్గించే ఉపశమన సంరక్షణ, అనగానే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో చాలామందికి క్యాన్సర్ ముదిరి మంచాన పడిన పెద్దవారే గుర్తుకు వస్తారు. పుట్టినప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందక సెరిబ్రల్ పాల్సీ పాలై రోజుకు పలుమార్లు ఫిట్స్ వచ్చే పిల్లవాడు గానీ, కండరాలు ఏటేటా క్షీణిస్తూ బడి వయసులోనే నడక పోగొట్టుకొన్న బాలుడు గానీ, కొద్ది వారాలకొకసారి రక్తం ఎక్కించుకోకపోతే నీరసించిపోయే తలసీమియా పాప గానీ ఆ మాట వినగానే ఎవరికీ తట్టరు. జనానికి తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు, పథకాలు రాసినవారికీ వారు పెద్దగా తట్టలేదు. జిల్లాలలో ఉన్న కొద్దిపాటి ఉపశమన సేవలను ఇలాంటి పిల్లల కోసం నిలుపుకోవాలన్న మాట ఇప్పుడు వినిపిస్తోంది కనుక, ఆ సేవలు ఎవరిని దృష్టిలో పెట్టుకొని పుట్టాయో, పిల్లలు వాటిలోకి ఏ దారిన వచ్చారో చూడవలసి ఉంది.

ఆధునిక ఉపశమన వైద్యానికి మొదలు 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కాని జబ్బులున్నవారిని చూసుకొనే నిలయం) అని చెబుతారు. అది ప్రధానంగా చివరి దశ క్యాన్సర్ రోగుల కోసం వెలసింది. పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక హాస్పిస్ రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా ప్రారంభించిన హెలెన్ హౌస్ అది. పిల్లల అవసరం పెద్దవారి అవసరానికి చిన్న నమూనా కాదన్న సంగతి అక్కడి నుంచే స్పష్టపడుతూ వచ్చింది. పెద్దవారిలో ఈ సేవ ఎక్కువగా వారాలకో నెలలకో పరిమితమైతే, పిల్లలలో అది ఏళ్ల తరబడి సాగవచ్చు. జబ్బు నయం చేసే ప్రయత్నమూ బాధ తగ్గించే ప్రయత్నమూ ఒకేసారి నడవవచ్చు. 1997లో బ్రిటన్‌లోని పిల్లల వైద్య నిపుణులు ఇలాంటి జబ్బులను నాలుగు వర్గాలుగా విభజించినప్పుడు క్యాన్సర్ వాటిలో ఒక వర్గంలోని ఒక ఉదాహరణగా మాత్రమే మిగిలింది, తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీకి వేరే వర్గమే ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ఉపశమన సంరక్షణకు విడిగా నిర్వచనం ఇస్తూ, జబ్బు నిర్ధారణ అయిన రోజు నుంచే అది మొదలు కావాలని చెప్పింది. ఈ సేవ అవసరమైన పిల్లలలో నూటికి 98 మంది తక్కువ, మధ్యస్థాయి ఆదాయ దేశాలలోనే ఉన్నారని ఆ సంస్థే అంచనా వేసింది.

మన దేశంలో ఈ దారి మరీ ఇరుకుగా మొదలైంది. 1986లో ముంబైలో శాంతి అవేదన ఆశ్రమం, 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ, ఆ తరువాత కేరళలో ఊరూరా అల్లుకున్న స్వచ్ఛంద సేవకుల వలయాలు, 2008లో ఆ రాష్ట్రం ప్రకటించిన ఉపశమన సంరక్షణ విధానం ఇందులో చెప్పుకోదగిన మజిలీలు. ఇరుకుకు ప్రధాన కారణం నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు మార్ఫిన్ అందకపోవడం. గసగసాల పంట నుంచి నల్లమందును చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాలలో మనది ఒకటి, గాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ కర్మాగారాలు ఉన్నాయి. అయినా 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల భయానికి ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 1990ల చివరికి వైద్యంలో దాని వాడకం అంతకు ముందున్న దానిలో పదో వంతు కంటే దిగువకు పడిపోయింది. రాష్ట్రానికో తీరుగా, శాఖకో అనుమతిగా ఉన్న నిబంధనలను 2014లో పార్లమెంటు సవరించింది. మార్ఫిన్ సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు పొందిన సంస్థలు వాటిని నిల్వ చేసుకోవచ్చునని దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టింది. చట్టం మారినంత వేగంగా అలవాటు మారలేదు. మార్ఫిన్ ఇస్తే ఊపిరి ఆగిపోతుందన్న బెదురు పెద్దల వార్డులలోనే ఇంకా పోలేదు, పిల్లల వార్డు సంగతి చెప్పనక్కర లేదు. పిల్లల దీర్ఘకాలిక నొప్పికి బరువును బట్టి లెక్కగట్టిన మార్ఫిన్ ఇవ్వవచ్చునని, కోడీన్ అనే మరో నొప్పి మందు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే మార్గదర్శకాలు ఇచ్చినప్పటికీ ఈ బెదురు కొనసాగుతోంది.

తెలంగాణలో ఈ సేవకు ఊపిరి పోసింది హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన. 2000ల మధ్యలో డాక్టర్ గాయత్రీ పాలాట్ నాయకత్వంలో, అంతర్జాతీయ సంస్థల తోడ్పాటుతో అక్కడ ఉపశమన విభాగం రూపుదిద్దుకొంది. క్యాన్సర్ ఉన్న పిల్లలూ అందులో భాగమయ్యారు. రాష్ట్రంలోని వైద్యులు, నర్సులు చాలామంది శిక్షణ పొందింది అక్కడే. ఆ అనుభవం మీదనే రాష్ట్ర ప్రభుత్వం నేషనల్ హెల్త్ మిషన్ నిధులతో జిల్లా ఉపశమన కేంద్రాలను మొదలుపెట్టి, తరువాత విస్తరించింది. ఆసుపత్రిలో కొన్ని పడకలు, ఇంటికి వెళ్లి చూసి వచ్చే నర్సులు, వారికొక వాహనం అన్నది ఈ ఏర్పాటు. ‘ఆలన’ పేరుతో జనానికి తెలిసింది ఇదే. ఇది మంచి ఏర్పాటు, దీనిని చిన్నచూపు చూడడం ఈ కథనం ఉద్దేశం కాదు. కాకపోతే దీని పునాది క్యాన్సర్ దవాఖానలో పడింది కాబట్టి, అక్కడ నేర్చుకొన్న చేయి పుండు కడగడంలో, నొప్పి తగ్గించడంలో ఆరితేరినంతగా ముక్కు గొట్టంతో పాలు పట్టడం నేర్పడంలో, బిగుసుకుపోయే కాళ్లు చేతులను సరైన భంగిమలో ఉంచడంలో ఆరితేరే అవకాశం తక్కువ.

కాగితం మీద కూడా పరిస్థితి ఇదే. 2012 నాటి జాతీయ ఉపశమన సంరక్షణ కార్యక్రమం ఆరోగ్య శాఖలో అసాంక్రామిక వ్యాధుల విభాగం కిందికి, అంటే బీపీ, షుగర్, క్యాన్సర్ల పక్కకు చేరింది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉప కేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చినప్పుడు అక్కడ అందవలసిన పన్నెండు రకాల సేవలలో దీనిని వృద్ధుల సంరక్షణతో కలిపి ఒకే శీర్షిక కింద రాశారు. ఎనిమిదేళ్ల పిల్లను వృద్ధుల శీర్షిక కింద వెతకవలసి రావడం వింతగానే ఉంటుంది. మరోవైపు పిల్లల కోసమే 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పుట్టుకతో వచ్చిన లోపాలను, ఎదుగుదలలో జాప్యాన్ని గుర్తిస్తాయి. గుర్తించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపడం వరకు ఆ పథకం బాగానే ఆలోచించింది. నయం కాదని తేలిన పిల్లవాడి తరువాతి పదేళ్ల గురించి అంతగా ఆలోచించలేదు. 2007లో మొదలై, తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షల రూపాయల పరిమితికి పెరిగిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా శస్త్రచికిత్సలకు, ఆసుపత్రిలో జరిగే వైద్యానికి కట్టిన ప్యాకేజీల పథకం. ఇంట్లో గొంతులోని కఫాన్ని లాగే సక్షన్ యంత్రం, ఆక్సిజన్ అందించే కాన్సంట్రేటర్ పెట్టుకొని బతికే పిల్లవాడి నెలవారీ ఖర్చు అలాంటి ప్యాకేజీలో ఇమిడేది కాదు.

ఉత్తర తెలంగాణకు వస్తే దూరం తోడవుతుంది. వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఉమ్మడి వరంగల్‌తో పాటు కరీంనగర్, ఆదిలాబాద్, ఖమ్మం వైపుల నుంచి, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల నుంచి కూడా రోగులు వస్తారు. ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి హైదరాబాద్ మరో నూట యాభై. మెడ నిలవని పిల్లను ఒళ్లో పెట్టుకొని బస్సులో ఆ దూరం పోయి రావడమంటే తల్లికి ఒక రోజు కూలీ, చాలాసార్లు తండ్రిది కూడా పోయినట్లే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి ఉమ్మడి వరంగల్ ముక్కలైనప్పుడు, 2019లో ములుగు వేరు జిల్లా అయినప్పుడు పాలన దగ్గరికి వచ్చిన మాట నిజమే. అయితే పిల్లల నరాల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, పిల్లల పాలియేటివ్ కేర్‌లో చేయి తిరిగిన నర్సు జిల్లాతో పాటే పుట్టుకురారు. పైగా ఆదిలాబాద్, ములుగు ఏజెన్సీలలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంది. ఆ జబ్బులో నొప్పి ఉధృతంగా వచ్చినప్పుడు పిల్లలకు కావలసింది గంటలలో అందే బలమైన నొప్పి మందు. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరీక్షలకు ఊపు తెచ్చింది, కానీ పరీక్షలో బయటపడిన పిల్లవాడి నొప్పి ఎవరి పద్దు అన్న ప్రశ్న అలాగే ఉంది.

ఇంకొక మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నవజాత శిశువుల ప్రత్యేక యూనిట్లు వచ్చాక, కాన్పులు దవాఖానలకు మళ్లాక శిశు మరణాలు గణనీయంగా తగ్గాయి. 2020 నాటికి తెలంగాణలో అవి వెయ్యికి 21. ఇది గర్వించదగిన విషయం. వెనకటి రోజుల్లో బతకని నెలలు నిండని బిడ్డలు ఇప్పుడు బతుకుతున్నారు, వారిలో కొందరు క్లిష్టమైన వైద్య అవసరాలతో పెరుగుతున్నారు. పుట్టిన నెలలో ప్రాణం నిలపడానికి ఖర్చు పెట్టిన వ్యవస్థకు ఆ ప్రాణం తరువాత ఎలా గడుస్తుందన్న దానిలోనూ బాధ్యత ఉంటుందన్నది నా అభిప్రాయం.

నిలుపుకోవడం అన్నది ఆచరణలో దేని మీద ఆధారపడుతుందో చూస్తే, భవనాల కంటే మనుషుల మీదే. నేషనల్ హెల్త్ మిషన్ ఖర్చులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 శాతం. ప్రణాళిక ఎప్పటికప్పుడు ఆమోదం పొందాలి, ఉద్యోగాలలో ఎక్కువ భాగం కాంట్రాక్టువి. శిక్షణ పొందిన నర్సు పర్మనెంట్ పోస్టు దొరికి వెళ్లిపోతే ఆ జిల్లాలో పిల్లల సేవ కూడా ఆమెతోనే వెళ్లిపోతుంది. బయటి నిధుల పరిమితి కూడా తెలిసిందే. మహారాష్ట్రలో 2010లో మొదలైన పిల్లల ఉపశమన సంరక్షణ ప్రాజెక్టు జవ్హార్ వంటి గిరిజన ప్రాంతం దాకా వెళ్లి, ఇది ఏజెన్సీలోనూ సాధ్యమేనని చూపింది. అయితే దానికి పెట్టుబడి బ్రిటన్ ప్రభుత్వ సాయం, ఆ సాయానికి గడువు ఉంది. ములుగుకో ఆసిఫాబాద్‌కో ఆ పాఠం వర్తిస్తే, రాష్ట్ర ప్రణాళికలో పిల్లల ఉపశమన సేవకు సొంత పద్దు, ఎంజీఎం వంటి చోట పిల్లల విభాగానికి అనుబంధంగా ఒక శిక్షణ కేంద్రం, ఆలన బృందానికీ బాల స్వాస్థ్య బృందానికీ మధ్య ఒకే జాబితా ఉండాలి. బండి ఉంది, పిల్లలను గుర్తించే బృందమూ ఉంది. ఒకరి దగ్గరున్న పేర్లు రెండో వారికి చేరేలా చూడడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంటి వైపు ఖర్చు మాత్రం పెద్దదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో సెరిబ్రల్ పాల్సీ, మస్కులర్ డిస్ట్రోఫీ (కండరాల క్షీణత), తలసీమియా, సికిల్ సెల్ ఉన్నాయి కనుక వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ధ్రువపత్రం వచ్చిన పిల్లలకు పింఛను దారి తెరుచుకొంటుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పూర్తిగా మంచాన పడినవారికి, తీవ్రమైన మస్కులర్ డిస్ట్రోఫీ ఉన్నవారికి నెలకు 15,000 ఇస్తున్నారు. కేరళ మరో మార్గం తొక్కింది. మంచాన పడినవారిని రాత్రింబవళ్లు చూసుకొనే కుటుంబ సభ్యులకు ఆశ్వాసకిరణం పథకం కింద నెలకు 600 రూపాయలు విడిగా కేటాయించింది. మొత్తం చిన్నదే గానీ, ఫిట్స్ వచ్చే బిడ్డను వదిలి పత్తి ఏరడానికి పోలేని తల్లి చేస్తున్నది కూడా పనేనని ఒక ప్రభుత్వం లెక్కలో రాసుకొన్న సందర్భం అది.