బొగ్గుగనిలో కొత్త యంత్రం

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

కొత్త యంత్రం వస్తే పని తేలిక కావాలి కదా, మరి నాన్న ఆఫీసులో అందరూ ఒకరి మీద ఒకరు ఎందుకు విసుక్కుంటున్నారని మీలో చిన్నది అడిగింది. ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ మధ్య నన్నెవరూ అడగలేదు. ఇదే సంగతి తేల్చడానికి ఇంగ్లండులో చదువుకున్న పెద్దలు కొందరు బొగ్గుగనుల్లోకి దిగి ఏళ్ల తరబడి శ్రమపడ్డారు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం కోసం కలిసి పనిచేసిన మనోవైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, మరికొందరు సామాజిక శాస్త్రాలవారు యుద్ధం ముగిశాక విడిపోవడానికి ఇష్టపడక, 1947లో లండనులో టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థను నెలకొల్పారు. ఆ సంవత్సరమే అక్కడి బొగ్గుగనులు ప్రభుత్వపరమయ్యాయి. గనుల్లోకి యంత్రాలు వస్తున్నా రావలసినంత బొగ్గు రావడం లేదు, మనుషులేమో పని మానేస్తున్నారు. కారణం వెతకడానికి వెళ్లినవారిలో ఎరిక్ ట్రిస్ట్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాగా, ఆయన తోడు కెన్ బామ్‌ఫర్త్ అంతకుముందు స్వయంగా గనిలో బొగ్గు తవ్విన మనిషి. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చినది ఈ జోడీయే.

వాళ్లు చూసినదేమిటంటే, పూర్వం ఇద్దరు ముగ్గురు కలిసి ఒక చిన్న జట్టుగా, తమ తోడును తామే ఎంచుకుని, బొగ్గు తవ్వడం మొదలు ఎత్తిపోయడం దాకా మొత్తం పనిని తామే చేసుకునేవారు. జట్టులో ఒకడికి దెబ్బ తగిలితే అతని ఇంటి మంచిచెడ్డలు కూడా రెండోవాడు చూసేవాడు. కొత్త పద్ధతిలో పొడవాటి బొగ్గు గోడ మీద సుమారు నలభై మంది మూడు షిఫ్టులుగా విడిపోయారు. ఒక షిఫ్టు గోడను కోస్తుంది, తరువాతిది బొగ్గును మోసుకెళ్లే బెల్టును జరిపి దారి సిద్ధం చేస్తుంది, మూడోది బొగ్గును ఎత్తి బెల్టు మీద వేస్తుంది.

ఇందులో చిక్కు ఎక్కడుందో మన ఆవకాయను బట్టి చెబుతాను. అమ్మమ్మ, పెద్దత్తయ్య, పిన్ని ఒకచోట కూర్చుని పెడుతున్నప్పుడు ముక్కల్లో జీడి మిగిలితే అక్కడికక్కడే చెప్పుకుంటారు, తడి కనిపిస్తే మళ్లీ తుడుస్తారు. అదే ముక్కలు కొట్టే మనిషి తెల్లవారుజామున వచ్చి వెళ్లిపోయి, తుడిచే మనిషి మధ్యాహ్నం వచ్చి, ఆవపిండి కలిపే మనిషి రాత్రి వచ్చి, ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడకపోతే ఏమవుతుంది? జాడీలో బూజు పడుతుంది, ఆ బూజు ఎవరిదో తేలదు, ముగ్గురిలో ప్రతి ఒక్కరూ తక్కిన ఇద్దరినీ అంటారు. వచ్చే ఏడు ముక్కలు కొట్టే ఆవిడ, ఎలాగూ మాట తనకే వస్తుందని, కాస్త అజాగ్రత్తగా కూడా కొడుతుంది. ఇక ఉప్పు సంగతికి వస్తే, ఎవరు వేశారో తెలియక ఇద్దరూ వేయవచ్చు, లేదా ఇద్దరూ మానవచ్చు. సరే, ఉప్పు దాకా వెళ్లవలసిన అవసరం లేదు. గనిలో ఆ మూడు షిఫ్టుల మధ్య జరిగింది ఇదే.

నా చిన్నతనం బొగ్గుగనుల ఊరైన ఇల్లెందులో గడిచింది కాబట్టి ఈ గనుల మాట వచ్చినప్పుడల్లా నా మనసు అటే పోతుంది. సైరను మోగిన కాసేపటికి కళ్లు తప్ప ఒళ్లంతా నల్లబడిన మనుషులు గుంపుగా వచ్చేవారు. మా పొరుగాయన గనిలో బొగ్గు మోసే టబ్బులు నింపే పని చేసేవాడు. ఆయన నోట గని మాట ఎప్పుడూ వచ్చేది కాదు, తన జతగాడి మాటే వచ్చేది. ఎవరైనా పని పాడుచేశారని విన్నప్పుడు వెంటనే ఆ మనిషిని సోమరి అనకండి, అతని పని ఎవరి పనికి ముడిపడి ఉందో ముందు అడగండి.

మళ్లీ ఇంగ్లండుకు వస్తాను. డర్హం ప్రాంతంలో కొన్నిచోట్ల కార్మికులు అవే యంత్రాలతో వేరే ఏర్పాటు చేసుకున్నారు. అందరూ అన్ని పనులూ నేర్చుకుని, షిఫ్టులు తమలో తామే మార్చుకుంటూ, మొత్తం జట్టుకు వచ్చిన కూలిని సమానంగా పంచుకున్నారు. ట్రిస్ట్ బృందం పోల్చి చూస్తే, రాగలిగిన మొత్తం బొగ్గులో మామూలు పద్ధతిలో 78 శాతం వస్తుండగా ఈ జట్టు దగ్గర 95 శాతం వచ్చింది, పనికి రానివారి సంఖ్య కూడా బాగా తగ్గింది.

ఆ టావిస్టాక్ సంస్థవారే 1953లో మన అహమ్మదాబాదులోని కాలికో అనే బట్టల మిల్లుకు కూడా వచ్చారు. అక్కడ ఆటోమేటిక్ మగ్గాల దగ్గర ఎవరి పని వారిదిగా చిందరవందరగా ఉంటే, కొన్ని మగ్గాలకు కలిపి ఒక జట్టు చొప్పున ఉంటే ఎలా ఉంటుందని ఆ సంస్థవారిలో ఒకరైన ఎ.కె. రైస్ ఆలోచన చెప్పారు. ఆ మాట చెవిన పడిన కార్మికులు ఎవరి ఆజ్ఞ కోసమూ కాచుకోకుండా తమకు నచ్చినవారితో తామే జట్లు కట్టుకున్నారు. అంత త్వరగా ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1970లో అదే సంస్థకు చెందిన ఎరిక్ మిల్లర్ వెళ్లి చూస్తే ఆ పద్ధతి కొంతచోట నిలిచింది, కొంతచోట కరిగిపోయింది. ఎందుకు నిలిచింది, ఎందుకు కరిగింది అన్నది పెద్ద లెక్క, అది ఈ ఉత్తరంలో పట్టదు.

మీరు రేపు ఉదయం మీ వీధి మలుపులోని టిఫిన్ సెంటరుకు వెళ్లి ఒక మూల కూర్చోండి. పెనం దగ్గర ఎవరు, డబ్బు ఎవరు తీసుకుంటున్నారు, చట్నీ అయిపోవచ్చిందని ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి. వాళ్లలో ఒకరు రాని రోజున మళ్లీ వెళ్లి, ఆ పని ఎవరి చేతికి వచ్చిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య